ఎర్ర కిటికీకి ఎడమ పక్క

శుక్రవారం సాయంత్రం బడి వదలగానే తోటి పంతులమ్మల ముఖాలు తేటపడేవి. నాకు మాత్రం అప్పటినుంచే కాళ్ళు లాగడం మొదలయ్యేది. మరునాడు శనివారం. శనివారమంటే మా ఇంట్లో బస్సు. బస్సు దిగాక నడక. నడక చివర తాళం వేసిన ఒక పాత చర్చి. ఆ తాళంచెవి ఎవరింట్లో ఉందో కనుక్కోవడం, అది వచ్చేదాకా మెట్ల మీద కూర్చోవడం. దూరం ఊరైతే ఆదివారం కూడా అక్కడే గడిచిపోయేది.

చిత్తూరులో ఆడపిల్లల బడిలో చిన్న తరగతులకు చెప్పేదాన్ని. వారమంతా గొంతెండేలా ఎక్కాలు వల్లె వేయించాక, శనివారం ఒక్కరోజు చాప మీద బోర్లా పడుకుని పుస్తకం చదువుకోవాలని ఉండేది. ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు. నలుగురిలో నోరు తెరవడమే నాకు కష్టం, ఇక కోరికలు చెప్పడం ఎక్కడ. రాత్రి డైరీలో మాత్రం "ఈ వారం కూడా పుస్తకం తెరవలేదు" అని రాసి దీపం తగ్గించేదాన్ని.

ఈ తిరుగుడంతా మా అవ్వ కోసం మొదలైంది. అవ్వ అంటే నాయన తల్లి. అప్పటికి డెబ్భై ఏళ్ళ కిందటి ధాత కరువులో ఆమె చిన్నపిల్ల. ఏ ఊరివాళ్ళో ఆమెకే తెలియదు. తల్లి దారిలోనే పోయిందట. తండ్రి ఆమెను భుజాన వేసుకుని నడిచి నడిచి, ఒకరోజు పొద్దుగూకేవేళ ఒక చర్చి దగ్గరికి చేర్చాడు. ఆమెను కూర్చోబెట్టి, ఒడిలో వేయించిన చింతగింజలు పోసి, "ఈడే ఉండు మే, నీళ్ళు తాగొస్తా" అన్నాడు. వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. జ్వరంతో పడివున్న పిల్లను ఆ చర్చి దొరసాని ఇంకొందరు పిల్లలతో కలిపి ఎద్దులబండిలో చిత్తూరు పంపించింది. ఆ చర్చి ఏ ఊరిదో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

మా తాత బతికున్నంతకాలం అవ్వ ఈ సంగతి ఎత్తలేదు. ఆయన పోయాక, ఒక కంటికి ఆపరేషను చేయించుకుని ఆ కన్ను పూర్తిగా పోయాక, రెండో కంటికి కూడా పొర కమ్ముకొస్తున్నప్పుడు ఒకరోజు నాయనను పిలిచి చెప్పింది. ఆమెకు గుర్తున్నవి రెండే. కూర్చున్న చోట తన నెత్తిన గుండ్రంగా ఎర్రటి వెలుతురు ఉండింది. తండ్రి తన ఎడమచేతి పక్కగా పోయాడు. కుడీ ఎడమా అప్పుడు తెలియకపోయినా, గింజలు పట్టుకున్న చెయ్యి ఏదో ఆమెకు బాగా గుర్తు. తండ్రి పోతున్న పక్కకు ఆ చెయ్యే ఊపింది.

"ఆ పక్క ఏముండాదో సూడాల," అంది అవ్వ. "బాట ఉంటే నన్ను ఇడిసిపెట్టి పోయినట్టు. నీళ్ళుంటే నీళ్ళకే పోయినట్టు. ఈ కన్ను కూడా మూసుకోకముందు అదొక్కటి తెలుసుకుంటే సాలు."

నాయన మగపిల్లల బడికి పెద్దయ్యవారు. తల్లి అడిగిన కోరిక ఆయనకు దేవుని ఆజ్ఞతో సమానం. అంతకంటే ముఖ్యంగా, పాత కట్టడాలంటే ఆయనకు తగని పిచ్చి. చర్చి లోపలికి వెళ్ళగానే గొడుగుతో పొడవు వెడల్పులు కొలిచేవాడు. సున్నం గీకి ఇటుక చూసేవాడు. పునాదిరాయి మీద ఇంగ్లీషు అక్షరాలు నా చేత పైకి చదివించేవాడు. ఊళ్ళోవాళ్ళు గుంపుగా చేరి చూస్తుంటే నాకే వినపడనంత మెల్లగా చదివేదాన్ని.

"గట్టిగా చదువమ్మా. రాతికి సిగ్గులేదు, నీకెందుకు?" అనేవాడు నాయన.

ఒక ఊళ్ళో తాళంచెవి తెచ్చిన ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని మమ్మల్ని ఎగాదిగా చూసి, "కొత్త పాదిరి వచ్చినాడేమో అని కోడిని గంపకింద పెట్టొచ్చినా. రాళ్ళు సదివేటోళ్ళా మీరు," అని మళ్ళీ ఇంటికి పోయి కోడిని వదిలేసి వచ్చింది.

యుద్ధం రోజులు. పెట్రోలు లేక బస్సులు బొగ్గు మీద నడిచేవి. వెనకాల పెద్ద పీపాయిలాంటి పొయ్యి, దాంట్లో బొగ్గు, దాన్ని రాజేయడానికి ఒక చక్రం. డ్రైవరు చక్రం తిప్పి తిప్పి అలసిపోతే మగవాళ్ళు వంతులేసుకుని తిప్పేవాళ్ళు. ఎత్తు వచ్చిందంటే అందరమూ దిగాలి. అవ్వ ఒక్కతే సీటులో రాణిలాగా కూర్చుని ఉండేది. ఇంటికి చేరేసరికి నా చీర మడతల్లో మసి, పళ్ళ సందుల్లో దుమ్ము.

మేము మొదట చూసిన వాటిలో ఒకటి పూతలపట్టు దగ్గర, రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న రాతి చర్చి. అప్పటికింకా అవ్వకు ఒక కన్ను కొంత కనిపిస్తోంది. నాయన ఎప్పటిలాగే తల్లి చెయ్యి పట్టుకుని పెద్ద తలుపులోంచి తీసుకెళ్ళాడు. మా సొంత చర్చిలో ముందు వరస బెంచీ మాది. ఎక్కడికి వెళ్ళినా నాయన ఆ మర్యాద తగ్గనిచ్చేవాడు కాదు.

పక్కగోడలో, మనిషెత్తు కంటే పైన, పళ్ళెమంత గుండ్రటి కిటికీ. దానికి ఎర్రద్దం. నాయన గొంతు మారింది.

"అమ్మా, ఎర్రద్దం. గుండ్రంగా ఉండాది. ఇట్ల కూర్చో."

గోడకు వీపు ఆనించి, కిటికీ సరిగ్గా నెత్తిన వచ్చేలా కూర్చోబెట్టాడు. నేను ఎడమ పక్కకు చూశాను. మేము లోపలికి వచ్చిన పెద్ద తలుపు. తలుపు బయట తిన్నగా రోడ్డు. రోడ్డు మీద చెనిక్కాయల బండి ఒకటి పోతోంది.

నాయన కూడా అటే చూశాడు. అవ్వ తల తిప్పి ఆ వెలుతురు వైపు కాసేపు చూసింది.

"ఇది కాదు," అంది.

"సరిగా సూడమ్మా."

"కాదంటే కాదురా అబ్బయ్యా. లెయ్ పోదాం."

బయటికి వచ్చాక చర్చి చుట్టూ ఒకసారి నడుస్తానంది. ప్రతిచోటా అంతే, గోడ మీద చెయ్యి ఆనించి చుట్టూ తిరిగేది. కాళ్ళు పట్టేసినాయి, సాగదీసుకుంటా అనేది. ఎండలో ఆమె వెంట తిరగడం నా పని. అక్కడ మాత్రం ఆ పక్కగోడ పొడవునా ముళ్ళకంప దట్టంగా అల్లుకుని ఉంది. మేక కూడా దూరేటట్టు లేదు. సగం దూరం పోయి వెనక్కి వచ్చేశాం.

బస్సు కోసం నిలుచున్నప్పుడు నాయన నాతో మెల్లగా అన్నాడు. "అదేనేమో. కానీ ఆమె కాదన్నాక మనకు కాదు."

ఆ మాటతో నాకు అసలు అలసట పట్టుకుంది. అప్పటిదాకా ఒళ్ళు మాత్రమే అలసింది. దొరికిపోయిన దాన్ని దొరకలేదని ఒప్పుకుంటూ, తండ్రి వదిలేసి పోయాడన్న సంగతిని ఒక ముసలామె నమ్మకుండా ఉండడానికి, మేము ముగ్గురం వారం వారం మసి పూసుకుని తిరుగుతున్నాం అనిపించింది. నాయన అడిగేది కూడా మారింది. తర్వాత వెళ్ళిన ఊళ్ళలో చర్చి ఎక్కడ అనడానికి ముందు చెరువు ఎక్కడ అని విచారించేవాడు. నీళ్ళ పక్కన ఉన్న చర్చి ఏదైనా ఒకటి దొరికితే, అవ్వ అదే అంటుందని ఆయన ఆశ. నాకు అర్థమైంది గానీ అర్థమైనట్టు చూపలేదు.

వడమాలపేట వైపు వెళ్ళాం. అక్కడ కోనేరంత బావి ఉంది, ఎర్రద్దం లేదు. పుత్తూరు అవతల ఒక చిన్న చర్చికి వెళ్ళాం. దానికి అద్దాలే లేవు, కిటికీలకు గోనెసంచులు కట్టారు. ఇంకోచోట పసుపు అద్దం ఉంది. "పసుపును ఎరుపనుకున్నావేమో అమ్మా, చిన్నపిల్లవి గదా," అని నాయన అంటే అవ్వకు కోపం వచ్చింది.

"ఆకలైన పిల్లనేరా, గుడ్డిదాన్ని కాదు. గుడ్డిదాన్ని ఇప్పుడవుతా ఉండా."

నిజంగానే అవుతోంది. ఆ ఏటి అంతంతమాత్రం వానలు పడి వెలిసేసరికి ఆమె మనుషుల్ని గొంతును బట్టే గుర్తుపడుతోంది. దీపం పెడితే దీపమని తెలుస్తుంది, అంతే. ఇక చర్చిలకు వెళ్ళి ఏం లాభమని అమ్మ ఒకసారి అడిగింది. నాయన గొడుగు తీసుకున్నాడు. అవ్వ అప్పటికే చెప్పులేసుకుని వాకిట్లో నిలుచుంది.

ఆ శనివారం తిరుపతికి వెళ్ళాం. కొండకింద ఎవరో చెప్పిన పాత ప్రార్థన మందిరం, వెళ్ళి చూస్తే పదేళ్ళ క్రితం కట్టింది. నాయన గొడుగు కూడా విప్పలేదు. తిరుగు బస్సునిండా గుండ్లు, గంధం వాసన, ఒళ్ళో లడ్డూల మూటలు. నా పక్కన కూర్చున్నామె చంటిబిడ్డ గుండు నా భుజానికి ఆనించి నిద్రపోయింది. నేను కదలకుండా కూర్చున్నాను. ఇంక వచ్చే వారం నుంచి రానని నాయనతో ఎలా చెప్పాలా అని దారంతా మాటలు పేర్చుకుంటూ ఉన్నాను. ఒక్క వాక్యం కూడా కుదరలేదు.

పూతలపట్టు ఇంకా రాలేదు, బస్సు దగ్గి ఆగిపోయింది. డ్రైవరు చక్రం తిప్పాడు. నాయన తిప్పాడు. గుండ్లవాళ్ళు గోవిందా అంటూ తిప్పారు. పొగ వచ్చింది గానీ బండి కదల్లేదు.

"బొగ్గు తడిసినాది అయివోరా," అన్నాడు కండక్టరు. "ఆరబోసి మళ్ళా రాజేయాల. పొద్దుగూకుతాది."

"పొద్దు గూకేదానికి నువ్వు చెప్పాల్నా అప్పా?" అన్నాడు నాయన. జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అవ్వ నా చెయ్యి గిల్లింది. "పాపా, నన్ను కొంచెం పక్కకు తీసకపో. మగోళ్ళు లేని తట్టు."

రోడ్డు దిగి నడిచాం. ఎదురుగా ఆ రాతి చర్చే. ఆ ఊరి మగవాళ్ళు కొందరు పెద్ద తలుపు దగ్గర నిలుచుని ఉన్నారు, అందుకని దూరంగా చుట్టి వెనక వైపు నుంచి వెళ్ళాను. మునుపు చూసిన ముళ్ళకంప అక్కడ లేదు. మొదలంటా నరికేసి, కాల్చి బొగ్గు చేసిన గుర్తులు నేలంతా నల్లగా ఉన్నాయి. బహుశా ఆ బొగ్గే మా బస్సుల్లో మండుతూ ఉండొచ్చు. కంప పోయాక గోడ వెంట ఒక రాతి అరుగు బయటపడింది. అవ్వ పని ముగించుకున్నాక, ఇద్దరం ఆ అరుగు మీద కూలబడ్డాం. లేచి బస్సు దాకా నడిచే ఓపిక నాకే లేదు.

చీకటి పడబోతోంది. లోపల ఎవరో పెట్రోమాక్సుకు గాలి కొడుతున్నారు. రేపటి ఆరాధన కోసం కీర్తన సాధకం మొదలైంది. ఎవరో ముసలాయన అపశ్రుతిలో అందుకుని, అందరూ ఆగి, మళ్ళీ మొదటికి వచ్చారు. నేను కళ్ళు మూసుకున్నాను.

"పాపా," అంది అవ్వ. "నెత్తిన ఏందది?"

కళ్ళు తెరిచి పైకి చూశాను. పగలు బయటినుంచి చూస్తే మసిగుడ్డలా ఉండే ఆ గుండ్రటి కిటికీ, లోపలి దీపానికి దానిమ్మగింజలా వెలుగుతోంది. అవ్వ తల వెనక్కి వాల్చి, పొర కమ్మిన కన్ను దానికేసి పెట్టి ఉంది.

"ఎర్రగా ఉండాదా?"

"ఎర్రగానే ఉందవ్వా."

"నాకూ ఎర్రగానే కనపడతా ఉండాది."

లోపల కీర్తన మళ్ళీ ఆగింది, మళ్ళీ మొదలైంది. అవ్వ అరుగు మీద వెనక్కి జరిగి, గోడకు వీపు ఆనించి, కాళ్ళు చిన్నపిల్లలా వేలాడేసింది. ఎడమచెయ్యి మెల్లగా పైకి లేపింది.

"ఈ పక్క ఏముండాదో చెప్పు. ఉండేది ఉన్నట్టు చెప్పు."

లోపల కూర్చోబెట్టినప్పుడు ఎడమ పక్క తలుపు, రోడ్డు ఉన్నాయి. ఆ సంగతి నా మనసులో ఎంత గట్టిగా నాటుకుందంటే, బయట గోడకు వీపు ఆనించి కూర్చుంటే పక్కలు తారుమారు అవుతాయని తల తిప్పి చూసేదాకా నాకు తట్టలేదు. రోడ్డు మా కుడి పక్కన ఉంది. బస్సు పొగ అటే లేస్తోంది. ఎడమ పక్కన నేల పల్లంగా జారిపోయింది. నాలుగైదు తుమ్మచెట్లు. వాటి కింద వెడల్పుగా తెల్లగా ఏదో పరుచుకుని ఉంది. లేచి పోయి చూసి వచ్చాను.

"వంక ఉందవ్వా," అన్నాను.

అవ్వ చెయ్యి దించలేదు. "నీళ్ళుండాయా?"

ఉన్నాయని చెప్పినా ఆమె కంటికి తెలియదు. కానీ ఉండేది ఉన్నట్టు చెప్పమంది.

"లేవు. ఇసుక."

అవ్వ ముఖం ఆ పక్కకు తిప్పింది. తర్వాత ఆమె మాట్లాడింది నాతో కాదేమో అనిపించింది.

"కరువులో నీళ్ళు మాత్రం యాడుంటాయి. ఇసకలో చెలమ తియ్యాల. మోకాటిలోతు తీస్తే గానీ తేమ రాదు. పార లేదు, ఏమీ లేదు, ఒట్టి చేతులు. తిని ఎన్నాళ్ళయిందో మనిషి. ఒట్టి చేతుల్తో చెలమ తియ్యాలంటే శానా సేపు పడతాది పాపా."

"అవునవ్వా," అన్నాను.

"శానా సేపు పడతాది," అంది మళ్ళీ. చెయ్యి ఒళ్ళోకి దించుకుంది.

నాయన మమ్మల్ని వెతుక్కుంటూ గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. బస్సు రాజుకుందని చెప్పబోయి, అరుగు మీద అవ్వను, నెత్తిన కిటికీని చూసి ఆగిపోయాడు. పెద్దయ్యవారి ముఖం ఆ ఎర్రటి వెలుతురులో నాకు బడిపిల్లవాడి ముఖంలా కనిపించింది.

"ఈడనా అమ్మా?"

"ఈడనే."

"బయటా? నిన్ను బయట కూర్చోబెట్టినారా?"

"బాప్తిస్మం లేనోళ్ళని లోపల బెంచీ మీద కూర్చోబెడతారా ఏందిరా? మాలాంటి పిల్లోళ్ళు అరుగు మీద వరసగా ఉంటిమి."

"ఆ మాట ముందే చెప్పుండొచ్చు గదమ్మా. వారం వారం లోపల్లోపలే తిప్పినానే."

అవ్వ చీర కొంగు సర్దుకుంది. "నువ్వు చెయ్యి పట్టుకుని ముందు బెంచీకి తీసకపోతా ఉంటే, మీ అమ్మ బయట కూర్చున్న మనిషిరా అని ఎట్ల చెప్పేది? పెద్దయ్యవారివి. అందుకే నేనే గోడలు తడువుకుంటా తిరిగినా."

నాయన గొడుగు నాకిచ్చి, వంక వైపు ఒక్కడే కొంత దూరం నడిచి వెళ్ళాడు. చీకట్లో ఇసుక మీద ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది, ఆగింది. తిరిగి వచ్చాక ఏం చూశావని అవ్వ అడగలేదు. రోడ్డు మీద కండక్టరు హారను మోగించాడు, ఊపిరాడని కోడిపుంజులా.

"పద పోదాం," అంది అవ్వ. "బస్సోడు అరస్తా ఉండాడు. తిరపతోళ్ళందరు మనల్ని తిట్టుకుంటారు."

లేవబోతూ అరుగు రాతిని రెండుసార్లు తట్టింది, ఎద్దు వీపు తట్టినట్టు. నాయన ఆ చర్చి పునాదిరాయి దగ్గర ఆగలేదు. చదవమని నన్ను అడగలేదు. బస్సులో చంటిబిడ్డ మళ్ళీ నా భుజం మీదికే చేరింది.

తర్వాతి శుక్రవారం సాయంత్రం నాయన అలవాటు కొద్దీ గోడకున్న గొడుగు తీశాడు. చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, మళ్ళీ తగిలించాడు. శనివారం నేను చాప పరుచుకుని, ఎన్నాళ్ళుగానో దాచుకున్న పుస్తకం తెరిచాను. రెండో పేజీ తిప్పకముందే నిద్ర పట్టింది. ఎన్ని వారాల నిద్రో అది. ఒళ్ళంతా ఎవరో కట్టెతో కొట్టినట్టు నొప్పులు. లేచేసరికి పొద్దు వాలిపోయింది.

పెరట్లోంచి అవ్వ గొంతు వినిపిస్తోంది. చింతగింజలు వేయించమని అమ్మను పోరుతోంది. పళ్ళు లేవు గదత్తా, ఎట్ల నములుతావు అని అమ్మ విసుక్కుంటోంది.

"నమిలేదానికి కాదులే," అంది అవ్వ. "వేయించి నా చేతిలో పొయ్యి."